నంబరు చెప్పారు, పురి చెప్పలేదు

రెండేళ్ల కిందట వేసవిలో, చీరాల దగ్గరి పల్లెలో మగ్గం నేసే మా బాబాయి, సగం ఖాళీ అయిన నూలు కోను ఒకటి చేతిసంచిలో పెట్టుకుని గుంటూరులో నేను పనిచేసే మిల్లుకు వచ్చాడు. నేను అక్కడ నాణ్యత పరీక్షల గదిలో ఉంటాను. ఆయన లుంగీల పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) ఎక్కించి వారమైందట. పూటకు నాలుగైదు పోగులు తెగితే ఏ నేతగాడూ పట్టించుకోడు గాని, ఇది గజం నేసేలోపే నాలుగైదు తెగుతోందట. తెగిన పోగులు అతికీ అతికీ పిన్ని వేళ్లు నొప్పి పెడుతున్నాయని చెప్పి, కోను నా బల్ల మీద పెట్టాడు. "నలభై నంబరే ఇచ్చార్రా. చీటీ మీద కూడా నలభై అనే ఉంది. పత్తే మంచిది కాదంటావా?" అన్నాడు.

ముందు నంబరే చూశాను. నూలు నంబరంటే ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగుతాయో ఆ లెక్క. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 120 గజాలు చుట్టి తూచితే 40కి రవ్వంత తేడాతో సరిపోయింది, తప్పు పట్టడానికి లేదు. పత్తిలోనూ లోపం కనబడలేదు. అప్పుడు పురి, అంటే పోగుకు పెట్టిన తిప్పుడు, చూసే పరికరం మీద పెట్టాను. దానికి పది అంగుళాల దూరంలో రెండు బిగింపులుంటాయి. ఒకటి కదలదు, రెండోది తిరుగుతుంది, ఎన్ని చుట్లు తిరిగిందో పక్కన అంకెలు పడతాయి. పోగును బిగించి పురి విప్పుతూ పోతే అది కొద్దిగా సాగుతుంది. పురి పూర్తిగా విడిపోయాక అదే వైపు ఇంకా తిప్పితే ఎదురు పురి ఎక్కి మళ్లీ కురచబడుతుంది. మొదటి పొడవుకు వచ్చినప్పుడు ఆపి, చుట్ల లెక్కను సగం చేస్తే ఆ పది అంగుళాల్లో మొదట ఉన్న పురి తెలుస్తుంది. అంకెలు 420 దగ్గర ఆగాయి. అంటే అంగుళానికి 21 చుట్లు. పడుగుకని వడికే నలభై నంబరులో ఇది 26 దగ్గర ఉండాలి. "బాబాయ్, ఇది బనియన్ల నూలు" అన్నాను. ఆయన కోను వంక చూసి, "అదీ నలభయ్యేనా?" అన్నాడు.

అదీ నలభయ్యే. ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. ఇరవై ఏళ్లుగా నూలును పరీక్షిస్తున్న వాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, నూలును నంబరు చెప్పి అమ్మడం, నంబరు అడిగి కొనడం సగం బేరమే. పోగులో పీచు ఎంత ఉందో నంబరు చెబుతుంది. ఆ పీచును ఎంత తిప్పారో, ఏ వైపు తిప్పారో, ఆ తిప్పుడుకు పోగు ఇంకా ఎంత బలంగా ఎదురు తిరుగుతోందో అది చెప్పదు. బట్ట గుణం మటుకు చాలావరకు ఈ రెండో సంగతి మీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగులో దీనికి మంచి మాట ఉంది. పోగును తిప్పితే ఎక్కేది పురి. పచారీ కొట్లో పొట్లం కట్టే దారం పురికొస. విడి పీచును తాడుగా తిప్పడం పేనడం. పేనిన తాడులో ఒక్కొక్క పాయ ఒక పేట. మంచానికి అల్లే నులక పేరులోనే నులవడం ఉంది, కడుపులో నులినొప్పికీ అదే మూలం. తిప్పడానికి ఇన్ని మాటలున్న భాషలో నూలు కొనేటప్పుడు మాత్రం ఎవరి నోటా పురి అన్న మాట రాకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

పురి లేకపోతే నూలే లేదు. పత్తి పీచు పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. పోగు కిలోమీటర్ల పొడవున సాగుతుంది. ఈ పీచులను ఒకదానికొకటి అతికించే జిగురు ఏదీ మధ్యలో లేదు. వాటిని కలిపి పట్టుకునేది రాపిడి ఒక్కటే, ఆ రాపిడిని పుట్టించేది పురి. తిప్పిన పోగును లాగినప్పుడు, మరమేకు చుట్టలా ఏటవాలుగా చుట్టుకున్న పై పీచులు బిగుసుకుని లోపలి పీచులను నొక్కుతాయి. ఎంత లాగితే అంత నొక్కుతాయి. అందుకే పురి చాలని పోగును లాగితే పీచులు తెగకుండానే ఒకదాని పక్కనుంచి ఒకటి జారి విడిపోతాయి, పురి ఉన్న పోగు తెగాలంటే పీచులే తెగాలి. ఏకును, అంటే వడకడానికి చుట్టిన దూదిని, వేళ్లతో లాగి చూసిన వారికి, దాన్నే నాలుగు చుట్లు తిప్పి లాగి చూసిన వారికి ఈ తేడా చెప్పక్కర్లేదు.

అయితే పురి పెంచుకుంటూ పోతే బలమూ పెరుగుతూ పోతుందనుకోవడం పొరపాటు. పురి పెరిగేకొద్దీ పీచు మరింత ఏటవాలుగా పడుకుంటుంది, అలా పడుకున్న పీచు పోగు పొడవునా లాగే బలానికి సూటిగా ఎదురు నిలవలేదు. ఆ వాలు కోణం కొసైన్ వర్గాన్ని బట్టి దాని సాయం తగ్గుతుందని స్థూలంగా లెక్క. అంటే ఒక పక్క రాపిడి వల్ల బలం పెరుగుతుంటే ఇంకో పక్క వాలు వల్ల తరుగుతుంటుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో శిఖరం ఉంటుంది, అది దాటాక తిప్పే ప్రతి చుట్టూ పోగును బలహీనపరుస్తుంది. పట్టు, పాలియెస్టర్ వంటి తెగని పొడవు తంతువులకు మొదటి లాభం అక్కరే లేదు కనుక వాటికి పురి పెడితే మొదట్లో స్వల్పంగా తప్ప బలం పెరగదు, ఆ తర్వాత తగ్గడమే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయక తప్పదు, ఎందుకంటే మిల్లువాళ్లు తరతరాలుగా వాడుతున్న సూత్రం వెనక ఉన్న అర్థం ఈ లెక్కలోనే బయటపడుతుంది. అంగుళానికి పెట్టే పురి, నంబరు వర్గమూలాన్ని ఒక గుణకంతో హెచ్చిస్తే వస్తుంది. పడుగుకు ఆ గుణకం 4 నుంచి 4.5 దాకా, బనియన్ల వంటి అల్లిక బట్టకు 3.2 నుంచి 3.6 దాకా ఉంటుంది. పోగు మందాన్ని అంగుళాల్లో కట్టడానికి 1937లో పియర్స్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఇంకొకటి ఉంది: నంబరు వర్గమూలాన్ని 28తో గుణించి, వచ్చినదానితో 1ని భాగించాలి. ఆ ప్రకారం నలభై నంబరు పోగు మందం అంగుళంలో 177వ వంతు. గుణకం 4 అనుకుంటే పురి అంగుళానికి 25 పైచిలుకు. ఈ రెండూ కలిపి చూస్తే పోగు పై పీచు 24 డిగ్రీల వాలున పడుకుంటుంది. నూరు నంబరుకు ఇదే లెక్క వేయండి: మందం 280వ వంతు, పురి 40, వాలు మళ్లీ అదే 24 డిగ్రీలు. పోగు సన్నబడితే పురి పెంచాల్సి రావడం ఈ వాలును నిలబెట్టడానికే. కాబట్టి గుణకం అని మిల్లులో అనేది వేషం మార్చుకున్న కోణమే. బాబాయి కోనులో ఆ కోణం 20 డిగ్రీలు, ఆయనకు కావలసింది 25. అచ్చు (మగ్గం మీద పోగులను వరుసగా ఉంచే దువ్వెన) పళ్ల మధ్య పొద్దస్తమానం రాచుకుంటూ, అడ్డపోగును మోసే నాడె పోయిన ప్రతిసారీ బిగిసి సడలే పడుగు పోగుకు ఆ నాలుగైదు డిగ్రీలే ప్రాణం. కోణం తక్కువైన పోగు మీద పీచు లేచి, పక్క పోగుతో చిక్కుకుని, నూగులా ఉండకట్టి తెగుతుంది. గంజి దట్టంగా పెడితే కొంత ఆగేది గాని, బాబాయికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

పురికి ఇంకొక స్వభావం ఉంది. దాన్ని పుస్తకంలో చదివినప్పుడు అర్థమైంది, పొందూరులో చూసినప్పుడు నమ్మాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరుకు నూలు వడికే ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఆ పళ్ల వరుస ఏ ఇనుప దువ్వెన కన్నా మెత్తగా పీచును సర్దుతుంది. ఆ పత్తితో చేసిన ఏకును ఎండిన అరటి పట్టలో పెట్టుకుని, ఒంటి కదురు రాట్నం ముందు కూర్చుంటారు. కుడిచేయి చక్రం తిప్పుతుంటే ఎడమచేయి ఏకును కదురు నుంచి వెనక్కు లాగుతూ పోతుంది. ఒకావిడ పక్కన కూర్చుని చాలాసేపు ఆ ఎడమచేతినే చూశాను. ఏకు నుంచి అప్పుడే వెలువడిన పోగు ఎక్కడా సమానంగా ఉండదు, ఒకచోట లావు, ఒకచోట సన్నం. లాగుతున్న కొద్దీ లావుచోట్లు వాటంతటవే సన్నబడి, సన్నచోట్లు మాత్రం కదలకుండా నిలబడ్డాయి. ఆవిడ వేళ్లు ఏ చోటునూ విడిగా ముట్టుకోలేదు.

ఇది జరిగే తీరు ఇది. పోగు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పే బలం ఒక్కటే ఉంటుంది. ఆ బలానికి ఏ చోటు ఎంత తిరుగుతుందన్నది ఆ చోటు మందాన్ని బట్టి ఉంటుంది. ఘనమైన కడ్డీకైతే తిప్పుడును ఎదిరించే శక్తి వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, అంటే అడ్డుకోతలో సగమే ఉన్న చోటు నాలుగింతలు ఎక్కువ తిరుగుతుంది. నూలు ఘనమైన కడ్డీ కాదు కనుక లెక్క అంత కచ్చితంగా నడవదు గాని, పోకడ అదే: పురి ఎప్పుడూ సన్నని చోటికి పరుగెడుతుంది. పురి ఎక్కిన సన్నచోటులో పీచులు బిగుసుకుని జారడం మానేస్తాయి. పురి అందని లావుచోటులో అవి ఇంకా వదులుగానే ఉంటాయి కనుక లాగినప్పుడు అక్కడే జారి పోగు సన్నబడుతుంది. సన్నబడగానే పురి అక్కడికీ పరుగెత్తి దాన్నీ బిగిస్తుంది. పోగు తన హెచ్చుతగ్గులను తానే సరిచేసుకుంటుంది. ఆ ఎడమచేయి చేసే పనల్లా ఈ పరుగును గమనిస్తూ, దానికి సరిపడా వేగంతో వెనక్కు పోవడం. నూరు నంబరు దాటిన నూలు చేత్తో ఎలా వస్తుందని ఆశ్చర్యపోయేవారు ఈ మాటను పట్టుకుంటే ఆశ్చర్యం తగ్గదు గాని, అది ఎక్కడ ఉండాలో అక్కడికి చేరుతుంది.

ఇంతవరకూ చెప్పింది పురి గురించి, అంటే పీచు ఏ ఆకారంలో చుట్టుకుని ఉందన్న దాని గురించి. టార్క్ వేరు. తిప్పిన పోగు మళ్లీ విడిపోవాలని ఎదురు తిరిగే బలం అది. వంచిన పీచు నిటారు కావాలనుకుంటుంది, మెలిపెట్టిన పీచు విడిపోవాలనుకుంటుంది, ఏటవాలుగా బిగిసిన పీచు సూటి దారి వెతుక్కుంటుంది; ఈ మూడూ కలిసి పోగుకు ఒక పొగరు ఇస్తాయి. ఒకే పురి ఉన్న రెండు పోగుల్లో ఒకటి పొగరుగా, ఇంకొకటి శాంతంగా ఉండవచ్చు: ఆవిరి పట్టించిన నూలులో పీచు తన కొత్త ఆకారానికి అలవాటుపడి టార్క్ తగ్గుతుంది, పురి మాత్రం ఎక్కడికీ పోదు. ఈ తేడా తెలియని వారు మా గదికి వచ్చి, నూలు మెలికలు పడటం లేదు కాబట్టి పురి తక్కువని వాదించిన రోజులున్నాయి.

చిన్నప్పుడు మా నాయనమ్మ రాట్నం మీద కండెలు చుడుతుంటే చిలప పట్టుకుని కూర్చునేవాణ్ణి. నా ధ్యాస ఎటో పోయి పోగు వదులైన క్షణంలోనే అది తన మీద తాను పెనవేసుకుని చిన్న తోకలా లేచేది. "ఒరే, పోగు సడలనీకు, మెలికబడుద్ది" అనేది. తర్వాత చాలా ఏళ్లకు ఆ హెచ్చరిక ఒక సమీకరణంగా కనబడింది. పోగును సాగే కడ్డీ అనుకుంటే, దాని టార్క్ వర్గం, ఆ కడ్డీ వంపుకు చూపే ఎదురుబలాన్ని లాగుడుతో గుణించి నాలుగింతలు చేసిన దానికి మించినప్పుడు అది సూటిగా నిలవలేదు. 1883లో గ్రీన్‌హిల్ అనే గణితవేత్త పొడవాటి కడ్డీలకు కట్టిన లెక్క ఇది. టార్క్ మారకుండా లాగుడు తగ్గితే ఒక గీత దాటగానే మెలిక పుట్టి తీరాలి. నాయనమ్మకు ఆ గీత ఎక్కడుందో వేళ్లకు తెలుసు.

మెలిక పడినప్పుడు పురి మాయం కాదు, రూపం మారుతుంది. పోగు రెండు కొసలూ తిరగకుండా పట్టుకుంటే, లోపలి తిప్పుడు, పోగు మొత్తం చుట్టుకునే చుట్టుడు, ఈ రెండూ కలిపిన లెక్క మారదు. ఒకటి తగ్గితే రెండోది అంత మేరకు పెరుగుతుంది. 1960 ప్రాంతంలో రొమేనియాకు చెందిన కలుగరేయాను, 1969లో వైట్, 1971లో ఫుల్లర్ ఈ సంగతిని గణితంలో నిలబెట్టారు. జీవకణంలో డీఎన్‌ఏ పోగు ఎందుకు ఉండచుట్టుకుంటుందో వివరించడానికి ఇప్పుడు అదే లెక్క వాడుతున్నారు. నేత ఇళ్లలో పిల్లలు తిట్లు తినే చోట ఇంత గణితం ఉందని తెలిస్తే మా నాయనమ్మ నవ్వి ఊరుకునేది.

బాబాయి నూలులో పురి తక్కువైంది. ఎక్కువైతే ఏమవుతుందో నా ఒంటి మీదే చూశాను. ఒకసారి కొన్న టీ షర్టు మూడు ఉతుకులయ్యేసరికి పక్క కుట్టు ఒకవైపు పొట్ట మీదికి, రెండోవైపు వీపు మీదికి జరిగిపోయింది. దుకాణంలో అడిగితే బట్ట కుంచించుకుపోయిందన్నారు. కుంచించుకుపోతే కురచ కావాలి గాని మెలి తిరగడమేమిటి? అల్లిక బట్టలో పోగు ఎక్కడా సూటిగా ఉండదు, ప్రతి ఉచ్చులోనూ వంగి ఉంటుంది. వంగి వదులుగా ఉన్న పోగుకు తన టార్క్‌ను తీర్చుకునే వీలు దొరుకుతుంది: ఉచ్చు ఒక కాలు ముందుకు, ఇంకో కాలు వెనక్కు తిరుగుతుంది. కొత్త బట్టలో ఇస్త్రీ, బిగువు దాన్ని ఆపి ఉంచుతాయి. నీళ్లు తగిలాక లక్షల ఉచ్చులు ఒకే వైపుకు తిరిగితే నిలువు వరుసలన్నీ వాలిపోతాయి. మిల్లుల్లో మామూలుగా పెట్టే జెడ్ పురి (తిప్పే వైపుకు పేరు అది, ఎస్ దానికి ఎదురు వైపు) నూలైతే కుడికి వాలుతాయి. అందుకే అల్లికకు పురి తక్కువ పెడతారు, ఆవిరి పట్టిస్తారు, కొందరు ఒక వరుసకు ఎస్ పురి, ఒక వరుసకు జెడ్ పురి నూలు వాడతారు. నా చొక్కాకు ఈ జాగ్రత్తల్లో ఏదో ఒకటి తప్పిందని నా నమ్మకం.

ఎస్, జెడ్ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. పోగును నిలువుగా పట్టుకున్నప్పుడు పీచులు కింద ఎడమ నుంచి పైన కుడికి వాలితే జెడ్, కింద కుడి నుంచి పైన ఎడమకు వాలితే ఎస్. ఆ ఇంగ్లీషు అక్షరాల నడిమి గీతలు అలా ఉంటాయి. ప్రాచీన ఈజిప్టు వాళ్లు అవిసె నూలును ఎస్ వైపు వడికేవారు, మనవాళ్లు పత్తిని జెడ్ వైపు. ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే రేవు తవ్వకాల్లో దొరికిన పత్తిబట్ట పేలికలు ఇండియా నుంచి వచ్చినవని చెప్పడానికి ఈ జెడ్ పురి ఒక ముఖ్యమైన ఆధారమైంది. రంగులు వెలిసినా, బట్ట చీకినా, ఏ వైపు తిప్పారన్నది మిగిలింది.

టార్క్‌ను లోపమనే చూడటం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అదే పొగరును కావాలని బట్టలోకి తెచ్చుకునే వారున్నారు. క్రేప్ పట్టు సంగతి చూడండి. పేకకు (అడ్డపోగులకు) మీటరుకు రెండు మూడు వేల చుట్ల పురి పెట్టి, రెండు పోగులు ఎస్, రెండు పోగులు జెడ్ చొప్పున మార్చి మార్చి నేస్తారు. పట్టు మీది సహజమైన జిగురు ఆ పురిని పట్టి ఉంచుతుంది కనుక మగ్గం మీద బట్ట చదునుగానే కనిపిస్తుంది. సబ్బునీళ్లలో ఉడికించి జిగురు తీసేసిన క్షణంలో ప్రతి పోగూ విడిపోవాలని గింజుకుంటుంది. పక్క పోగులు అడ్డుపడతాయి. విడిపోలేక అలలు అలలుగా ముడుచుకుంటుంది. బట్ట వెడల్పు గణనీయంగా తగ్గి, ఇసుక చల్లినట్టుండే ఆ సన్నని గరుకుదనం, ఒంటి మీద జారే ఆ వాలు వస్తాయి. అన్నీ ఒకే వైపు పురి పోగులైతే నిలువు ముడతలు పడతాయి. ఎస్ ఏదో జెడ్ ఏదో కంటికి తెలియదు కాబట్టి ఒకదానికి కడిగితే పోయే రంగు అద్దుకుంటారు. జార్జెట్‌లో పడుగు కూడా ఇలాగే ఉంటుంది. మా నాయనమ్మ తిట్టిన మెలికే పెళ్లిళ్లలో చీరగా కట్టుకునేది.

నీళ్లకు పురి ఎందుకంతగా స్పందిస్తుందో తెలుసుకోవడానికి పట్టు అక్కర్లేదు, నులక మంచం చాలు. మా ఊళ్లో వాన వచ్చినప్పుడు మంచం లోపలికి తెచ్చేలోపే నులక బిగుసుకుని గట్టిగా మోగేది. తడిస్తే ఏదైనా వదులు కావాలి కదా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. పీచు నీళ్లు పీల్చి లావెక్కుతుంది, పొడవున మాత్రం దాదాపు పెరగదు. లావైన తాడు చుట్టూ అదే పీచు అన్నిసార్లే తిరగాలంటే దారి పెరుగుతుంది; పీచు సాగదు కనుక తాడే కురచ కావాలి, లేదా పురి విప్పుకోవాలి. మంచం కోళ్లు విప్పుకోనివ్వవు కాబట్టి బిగుసుకుంటుంది.

టార్క్‌ను అణచడానికి పాత ఉపాయం దానికి దాన్నే ఎదురు నిలపడం. జెడ్ వైపు వడికిన రెండు పోగులను కలిపి ఎస్ వైపు పేనితే, ఒకటి విడిపోవాలనుకునే దిశలో రెండోది బిగుసుకుంటుంది. ఒంటి పోగు పురిలో సుమారు మూడింట రెండు వంతులు ఎదురు పురి పెడితే రెండూ సరితూగి, పోగు చేతిలో వదులుగా వేలాడేస్తే మెలిక పడకుండా ఉంటుంది. జంధ్యానికి ముందు ఊర్ధ్వవృతం, తర్వాత అధోవృతం అని శాస్త్రాలు చెప్పిన క్రమం కూడా ఇలా ఎదురు పురులు పెట్టడమే. మిగతా అర్థాలు పెద్దలు చెబుతారు, నాకు మాత్రం అది మెలికపడని దారానికి సూత్రంగా కనబడుతుంది. కుట్టుమిషను దారానికి ఈ వరుస తిరగేస్తారు: ఒంటి పోగులు ఎస్, పేనినది జెడ్. మామూలు మిషను కొక్కెం దారాన్ని తిప్పే తీరుకు ఎస్ వైపు పేనిన దారం పురి విప్పుకుపోతుంది. పేట దారంలోనూ దిశ తెలియకుండా కొంటే పని చెడుతుందన్నమాట.

పురి విలువ ఒకప్పుడు వ్యాపారానికి బాగా తెలుసు. పద్దెనిమిదో శతాబ్దం నడిమి దాకా ఇంగ్లండులో పడుగుకు పనికొచ్చేంత గట్టి పత్తి నూలు వడకలేక అవిసె నూలు పడుగు వేసి, పత్తి నూలు పేక వేసేవారు. అదే కాలంలో మన కోరమాండల్ తీరంలో పడుగూ పేకా రెండూ చేతి రాట్నం నూలుతోనే నడిచాయి. 1769లో ఆర్క్‌రైట్ పేటెంటు తీసుకున్న, నీటితో నడిచే వడుకు యంత్రం బిగువైన పురి పెట్టగలిగింది కాబట్టే అక్కడ పూర్తి పత్తిబట్ట సాధ్యమైంది. 1774లో దానికి చట్టపరమైన అనుమతి వచ్చింది, అంచున మూడు నీలిపోగులు నేయాలన్న షరతుతో. 1779లో క్రాంప్టన్ చేసిన మ్యూల్ అనే వడుకు యంత్రం వచ్చాక సన్న నంబర్లూ వాళ్ల చేతికి అందాయి. ఆ నూలును వాళ్లు అమ్మిన పేరు వినండి: వాటర్ ట్విస్ట్, మ్యూల్ ట్విస్ట్. సరుకు పేరే పురి! మన రేవుల్లో దిగినప్పుడు కూడా దిగుమతి పద్దుల్లో దాన్ని ట్విస్ట్ అనే రాశారు. ఆ మాట ఎప్పుడో రాలిపోయి, నంబరు ఒక్కటే చీటీ మీద మిగిలింది.

కొలవడానికి తేలికైనదాన్నే కొలిచే అలవాటు మిల్లులది ఒక్కటే కాదు. 1924 డిసెంబరులో గాంధీ అధ్యక్షత వహించిన బెళగావి కాంగ్రెసు, సభ్యత్వానికి నెలకు రెండు వేల గజాల నూలు అడిగింది. గజాలు ఎవరైనా లెక్కపెట్టగలరు. పురి చాలని రెండు వేల గజాలు మగ్గం మీద రెండు గజాల దూరం కూడా నడవవని నేతగాడికి తెలుసు. ఆ షరతు ఏడాదిలోపే సడలిపోయింది, దానికి కారణాలు వేరే ఉన్నాయి గాని, నాకు ఆ లెక్క చదివినప్పుడల్లా బాబాయి చీటీ గుర్తుకొస్తుంది.

మిల్లువైపు నుంచి చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు, నేనూ అక్కడివాణ్ణే. ప్రతి చుట్టూ డబ్బు. కదురు నిమిషానికి 18,000 సార్లు తిరుగుతుందనుకుందాం. అంగుళానికి 26 చుట్లు పెడితే నిమిషానికి పదిహేడున్నర మీటర్ల నూలు వస్తుంది, 21 పెడితే దాదాపు 22 మీటర్లు. అదే కరెంటు, అదే మనుషులు, నాలుగో వంతు ఎక్కువ సరుకు. బనియన్ల నూలు చవగ్గా రావడంలో ఇదీ ఒక కారణం, అందులో మోసం ఏమీ లేదు, ఆ బట్టకు అదే సరైన నూలు. మా సంచుల మీద అల్లికకో పడుగుకో రాసే ఉంటుందని, కోను లోపలి కాగితపు గొట్టాల రంగులు కూడా వేరుగా ఉంటాయని మావాళ్లు అంటారు. నిజమే. కానీ సంచి చిన్న దుకాణంలో విప్పగానే కోనులు విడివిడిగా అరల్లోకి చేరతాయి, గొట్టం రంగు అర్థం మిల్లు గేటు దాటితే ఎవరికీ తెలియదు, కోను మీద అంటించిన చీటీలో నంబరు మాత్రమే మిగులుతుంది. పురి కొంత అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి అంకె వేస్తే మాటపడతామన్నది ఇంకో వాదన. నంబరు ఊగదా? ఊగినా వేస్తూనే ఉన్నాం కదా. ఆ చీటీ మీదే నంబరు పక్కన అంగుళానికి ఎన్ని చుట్లో ఒక అంకె, ఎస్ లేక జెడ్ అని ఒక అక్షరం చేర్చడానికి సిరా తప్ప ఖర్చేమీ లేదు. ఈ మాట మా సమావేశాల్లో రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ టీ వచ్చింది.

బాబాయి మాత్రం ఆగలేదు. ఆ పడుగును ఎలాగో తిప్పలు పడి దింపాక, బాగా నడిచిన పాత పడుగు నుంచి రెండు బారల పోగు తీసి, విరిగిన కండె ఒకదానికి చుట్టి జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాడు. కిందటి నెల నూలు కొనడానికి ఆయనతో పాటు వెళ్లాను. దుకాణదారు నలభై నంబరు కోను బల్ల మీద పెట్టగానే, ఆయన దాన్నుంచి గజం పోగు లాగి, రెండు చేతుల మధ్య బిగువుగా పట్టుకుని, నెమ్మదిగా చేతులు దగ్గరికి తెచ్చాడు. పోగు నడుమ కిందికి జారి తన మీద తాను చుట్టుకుంది. పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టి, జేబులోని పాత పోగుతోనూ అదే చేశాడు. ఆవిరి పట్టించిన నూలైతే ఈ పరీక్ష మోసం చేస్తుందని చెప్పబోయాను. "ఆ సంగతి కడిగి చూస్తే తేలుద్దిలే" అని, రాగిచెంబులో నీళ్లడిగి రెండు పోగులూ తడిపి మళ్లీ చూశాడు. పాతది పద్నాలుగు చుట్లు, కొత్తది ఎనిమిది.

"నలభయ్యే బాబూ, చీటీ చూడండి" అన్నాడు దుకాణదారు.

"నలభై సంగతి సరే" అని కోను వెనక్కు జరిపి, బాబాయి పై అరలో ఉన్న ఇంకో సంచి వైపు చెయ్యి చూపించాడు.